మామ సంతకం పెట్టాడు

నందికొట్కూరులో ఉండే మా మేనమామ ఒక్క సంతకానికి మొండికేసి, నా భార్యను ఈ దేశానికి రానీయకుండా చేశాడని బేతంచెర్లలో మా బజారంతా అనుకుంటోంది. నాపరాళ్ల లోడుకు వచ్చే లారీ డ్రైవర్లకు కూడా ఈ సంగతి తెలుసు. మామ మా ఊరికి రావడం మానేశాడు. పెళ్లిళ్లకు అత్తను ఒక్కదాన్నే పంపుతున్నాడు.

ఆ మాట పుట్టించింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

నేను కొన్నేళ్లు నైరోబీలో ఒక రాళ్ల యార్డులో పాలిష్ మిషన్లు చూసుకునేవాణ్ణి. ఆమె అదే యార్డులో లెక్కలు చూసేది. నాకు నలభై దాటాయి. ఇక్కడ నాకు సంబంధాలు చూడటం అందరూ ఎప్పుడో మానుకున్నారు. వాళ్ల ఇంట్లోనూ ఆమె పెళ్లి మాట ఎత్తడం మానుకున్నారట. మేమిద్దరం పెళ్లి చేసుకుంటామని ఫోన్లో చెబితే అమ్మ ఏడ్చింది. రంగు గురించి అంది, తిండి గురించి అంది. చివరికి అసలు మాట అంది.

"గోత్రం లేని పిల్లను పీటల మీద ఎట్ల కూర్చోబెడతార్రా? షావుకార్ల ఇంట్లో ఇట్లాంటిది యాడన్నా జరిగిందా?"

అప్పుడు మామ మా అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "గోత్రం లేకుంటే నాది ఇస్తా. నాకు ముగ్గురూ మొగపిల్లలే. ఒక ఆడపిల్ల వస్తే నాకేమన్నా బరువా?"

అమ్మ, "నీ బిడ్డయితే నాకు మేనకోడలే కదన్నా" అంది. అంతే, ఏడుపు ఆగిపోయింది.

నేను నైరోబీలో పని మానుకుని, మా బండల మిషన్లు చూసుకోవడానికి ఊరికి వచ్చేశాను. ఆమె టూరిస్టు వీసా మీద, చేతిలో ఎల్లో ఫీవర్ టీకా కార్డుతో వచ్చింది. పెళ్లి కర్నూలులో. ముందు రోజు మామా అత్తా ఆమెను కూతురుగా స్వీకరించారు. ఒళ్లో కూర్చోబెట్టుకోవాలన్నాడు పురోహితుడు. ఆమె మామకంటే జానెడు పొడవు. "ఈ పిల్ల కూర్చుంటే మీ మామ మళ్లీ లేచేది లేదు" అంది అత్త. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో చెబితే ఆమె ఇంకా గట్టిగా నవ్వింది. మామ మోకాలికి తగిలీ తగలకుండా ఒక క్షణం కూర్చుని లేచింది. పురోహితుడు ఆమెకు మన పేరు ఒకటి పెట్టాడు. ఆమె మామను "నాయనా" అని పిలిచింది. అది ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట. మర్నాడు మామ నా కాళ్లు కడిగి, నీళ్లు ధారపోసి, ఆమెను నా చేతిలో పెట్టాడు.

శుభలేఖలో వధువు పేరు కొత్త పేరే. నందికొట్కూరు వాస్తవ్యులైన మామా అత్తల ఏకైక పుత్రిక అని అచ్చయింది. కెన్యా మాట ఎక్కడా లేదు. అమ్మ కోసమే అలా వేయించానని అందరికీ చెప్పాను. నిజానికి ఆ కార్డు చూసుకుని అమ్మకంటే నాకే ఎక్కువ నిమ్మళంగా అనిపించింది.

పెళ్లిని రిజిస్టరు చేయించడం గురించి కర్నూలులో ఒక లాయరును అడిగాను. విదేశీయురాలు కాబట్టి పాస్‌పోర్టు మీదున్న పేరుతోనే చేయించాలని, ఇద్దరి ఫోటోలతో ఆఫీసు బోర్డు మీద నెల రోజులు నోటీసు అంటిస్తారని ఆయన చెప్పాడు. ఆ బోర్డు నాకు తెలుసు. స్థలాల రిజిస్ట్రేషన్లకు వచ్చేవాళ్లంతా టీ తాగుతూ దాని ముందే నిలబడతారు. అందులో సగం మంది మా దగ్గర బండలు కొన్నవాళ్లే. వాళ్లు ఆమె ఫోటో చూసి ఏమనుకుంటారో తలుచుకుని వద్దన్నాను. కాగితాలు చేయించిపెట్టే ఒకతణ్ణి పట్టుకున్నాను. శుభలేఖలో ఉన్నది ఉన్నట్టు సర్టిఫికెట్లోకి ఎక్కింది. భార్య పేరు, తండ్రి పేరు, ఊరు నందికొట్కూరు. పాస్‌పోర్టు నన్నెవరూ అడగలేదు. నేను చూపించలేదు.

వీసా గడువు అయిపోయి ఆమె వెనక్కి వెళ్లింది. భార్య వీసా మీద మళ్లీ వచ్చి ఇక్కడే ఉండిపోవాలని అనుకున్నాం. అక్కడ ఉద్యోగం మానేసింది, గది ఖాళీ చేసింది, వాళ్ల అక్క ఇంట్లో పిల్లల గదిలో మంచం వేసుకుంది. దరఖాస్తు పెట్టిన కొన్నాళ్లకు అక్కడి మన వీసా ఆఫీసువాళ్లు పిలిచి అడిగారట, ఈ సర్టిఫికెట్లో ఉన్నామె ఎవరు, మీ భర్తకు ఇండియాలో ఒక భార్య ఉండగా మీరెవరు అని.

"అది నేనే అని చెప్పాను. వాళ్లు నవ్వారు" అంది ఫోన్లో. "నాకు నేనే అడ్డమొచ్చాను."

మళ్లీ లాయరు దగ్గరికి పరిగెత్తాను. సర్టిఫికెట్లో తండ్రిగా ఉన్న మనిషి, ఆమె నాకు పుట్టిన కూతురు కాదు, పాస్‌పోర్టులో ఉన్నామే ఈ సర్టిఫికెట్లో ఉన్నామె అని ప్రమాణపత్రం ఇస్తే కొంత దారి దొరకవచ్చన్నాడు. నందికొట్కూరు బస్సెక్కాను.

మామది ఎరువుల అంగడి. విషయం విని చాలాసేపు త్రాసు పళ్లెం తుడుస్తూ కూర్చున్నాడు.

"నీ కాళ్లు కడిగి నీళ్లు పోసిన చెయ్యి ఇదే కదప్పా. ఇదే చేత్తో నా బిడ్డ కాదని రాసియ్యాల్నా?"

"కాగితం వరకే మామా."

"సాకుతానని తెచ్చుకున్నానని రాయించు. అది నిజమే కదా."

ఆ వయసు మనిషిని దత్తత తీసుకున్నామంటే చట్టం ఒప్పదని, ఇంకా చిక్కు అవుతుందని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వెళ్లాను, మళ్లీ అడిగాను. బేతంచెర్లలో ఎవరు పలకరించినా, "అంతా మామ చేతిలో ఉంది, ఆయన పెట్టడంలేదు" అని చెప్పడం మొదలుపెట్టాను. అక్కడ ఆమె ఫోన్లో మాట్లాడటం తగ్గింది. వాళ్ల బావ ఆమెతో కలిసి అన్నం తినడం మానేశాడట. అది కూడా అడిగితేనే చెప్పింది. నాకు తిండి సహించేది కాదు. మిషన్ల దగ్గర నిలబడితే ఏ రాయి కోస్తున్నానో తెలిసేది కాదు.

చివరిసారి వెళ్లిన రోజు అంగడి నిండా రైతులున్నారు. అందరి ముందే అరిచాను. "ఆమె నీకు పుట్టిందా మామా? అద్దంలో చూసుకున్నావా? నీ రంగేంది, ఆమె రంగేంది? ఏ మొహంతో బిడ్డ అంటాండావు?"

మామ చేస్తున్న బేరం ముగించి, షట్టరు దించి, నాతోపాటు కర్నూలు బస్సెక్కాడు.

లాయరు తయారుచేసిన దాంట్లో సంబంధం గురించి, నాకు పుట్టిన కూతురు కాదు అని మాత్రమే ఉంది. నేను బలంగా ఉండాలన్నాను. "ఏ ఇతర సంబంధమూ లేదు" అని చేర్పించాను. అవసరం లేదని లాయరు చెప్పినా వినలేదు. మామకు ఇంగ్లీషు రాదు. ఏం రాశారని అడగలేదు. చూపించిన చోట సంతకం పెట్టి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆమె ఆ కాగితం చదివి ఫోన్ చేసింది. "ఏ సంబంధమూ లేదని నాయన చెప్పాడా?"

"ఆయనే అలా రాయించాడు" అన్నాను.

అంతకంటే నీచమైన మాట నా జీవితంలో అనలేదు. ఆమె నందికొట్కూరుకు ఫోన్ చేసింది. మామ పెద్దకోడలికి ఇంగ్లీషు వచ్చు. ఆ అమ్మాయి మామకు ఆ వాక్యం తెలుగులో చెప్పింది, మామ ఏడ్చిన సంగతి ఆమెకు ఇంగ్లీషులో చెప్పింది. ఆమె ఆ కాగితం దాఖలు చేయలేదు. జవాబు రాలేదని దరఖాస్తు మూసేశారు. ఆ రోజు నుంచి నా ఫోన్ ఎత్తదు. ఊళ్లో మాత్రం నేను, మామ చివరిదాకా సంతకం పెట్టలేదని చెప్పుకుంటూ తిరిగాను.

ఆమె ప్రతి ఆదివారం మామకు ఫోన్ చేస్తుంది. నా భార్య ఎలా ఉందో తెలుసుకోవాలంటే నేను నందికొట్కూరు పోవాలి. మొన్న కూడా పోయాను.

"ఏమప్పా, ఇట్లొస్తివి?" అన్నాడు మామ.

"ఎట్లుంది మామా?"

"బాగుండాది. జొరమొచ్చి తగ్గింది. ఏదో అంగట్లో పనికి పోతాండాదంట."

అత్త లోపలినుంచే అంది, "చీర తెచ్చిపెట్టినా. వస్తే ఒడి నింపాల."

"వస్తుందా అత్తా?"

"పుట్టింటికైతే వస్తానంటాండాది" అన్నాడు మామ. "మీ ఇంటికి కాదు. ఈడికొచ్చి ఉండిపోవాలన్నా వీసా నీ పేరు మీదనే రావాలంట. అదీ దాని కర్మ. నువ్వు వద్దన్న ఆ బోర్డు సంగతేందో పోయి కనుక్కో."

కనుక్కున్నాను. తప్పు సర్టిఫికెట్టు రద్దు చేయించుకోవాలి, తర్వాత అసలు పేర్లతో మళ్లీ మొదలుపెట్టాలి. నోటీసు ఇవ్వడానికి ఆమె టూరిస్టు వీసా మీద వచ్చి నా పక్కన నిలబడాలి. ఆఫీసు బయట బోర్డు మీద ఎవరెవరివో ఫోటోలున్నాయి. ఎవరూ చదవడంలేదు. టీ తాగేవాళ్లు వాటికి వీపు పెట్టి నిలబడ్డారు.

తిరిగి వెళ్లి మామకు చెప్పాను. ఆమెతో ఒక్కసారి మాట్లాడి చూడమని చేతులు పట్టుకున్నాను. ఆయన విడిపించుకోలేదు.

"ఆదివారం చెప్తా. నువ్వు చెప్పింది చెప్పినట్టే చెప్తా" అన్నాడు. "నీ దగ్గరికి పొమ్మని మాత్రం చెప్పను. అది నా బిడ్డ ఇష్టం."