కుడి తలుపు

నా సంగతి ముందే చెప్పేస్తాను. గుడియాత్తం నేతగాళ్ల వీధిలో మాది చిల్లర అంగడి. చిత్తూరు నుంచి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా ఈ వీధిలో ఒక్కరినీ పూర్తిగా నమ్మలేదు నేను. పాలవాడు నవ్వుతూ వస్తే ఆ రోజు నీళ్లు ఎక్కువ పోశాడనే అనుకుంటాను. మా ఆయన అడగకుండా కాఫీ కలిపి తెస్తే, ఏం చేసి వచ్చాడో అని ముఖం వంక చూస్తాను.

ఎదురింటి కోకిల నాకు పూర్తిగా వ్యతిరేకం. లోగనాథన్ గారి మగ్గం మీద లుంగీలు నేస్తుంది, ఆ మగ్గం వెనక గదిలోనే కాపురం. ఆమె భర్త వేలూరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎవరో ఒకామె రోజూ వచ్చి పక్కన కూర్చుని ప్రార్థన చేసేదట. భర్త దక్కలేదు గానీ కోకిలకు ఏసయ్య దక్కాడు. అప్పటి నుంచి ఆదివారం వస్తే చాలు, బస్సెక్కి వేలూరు చర్చికి పోతుంది. అక్కడి తెలుగు పిల్లలకు కథలు చెబుతుంది. వీధిలో కొందరికి ఇది మింగుడు పడలేదు. ఆమె మాత్రం ఎవరినీ తప్పుగా అనుకోదు. తలుపుకు గడియ పెట్టదు. గదిలో ప్లగ్గు పాడైందని ఫోను నా అంగడిలో ఛార్జింగుకు పెట్టి పోయేది. "ఎవరైనా చూస్తే, ఎత్తుకుపోతే?" అని నేను తిడితే, "నువ్వుండావు కదక్కా" అని నవ్వేది.

ఆ పిల్లలకు వారానికొక కథ చాలలేదు. అందుకని వాట్సాప్‌లో రోజుకొక ముక్క పంపడం మొదలుపెట్టింది. ఆ కథలో శరత్, హేమప్రియ అని ఇద్దరు అన్నాచెల్లెళ్లు. అణైకట్ దగ్గర పాత చర్చిలో బంగారు దీపాన్ని దొంగలు ఎత్తుకుపోతే, దాన్ని వెనక్కి తేవాలని వీళ్లు కొండ గుహలో దూరతారు. భయం వేసినప్పుడల్లా మోకాళ్లూని ప్రార్థన చేస్తారు, లేచి మళ్లీ పరిగెడతారు. నేనూ రెండు మూడు ముక్కలు విన్నాను. బాగానే ఉంది, ఒప్పుకోక తప్పదు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఈ పక్క తెలుగువాళ్లు నోటితో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు అక్షరం రాదు. కోకిల కూడా తెలుగు మాటలనే అరవ అక్షరాలతో రాస్తుంది. అరవంలో 'క'కూ 'గ'కూ ఒక్కటే అక్షరం. సందర్భాన్ని బట్టి మనమే సర్దుకోవాలి.

ఆ మంగళవారం పొద్దున మా చౌడేశ్వరమ్మ గుడి వెనక తలుపుకు బీగం ఊడి వేలాడుతోంది. ఏదీ పోలేదు. కానీ మధ్యాహ్నానికి వీధిలో అందరి ఫోన్లలోకి ఒక మెసేజ్ వచ్చిపడింది. తల లేదు, తోక లేదు, మధ్య ముక్క ఒక్కటే. పైన ఎవరో కోకిల పేరు రాసి పెట్టారు.

"తెల్లారే ముందర, అందురూ నిద్రలో ఉండంగ, గుడి తలుపు పగలగొట్టాల. బంగారు దీపం ఎత్తుకోని యెనకాల దావన పరిగెత్తాల. ఎవురికీ చెప్పొద్దు."

చూడగానే నేనూ 'గుడి' అనే చదివాను. ఎందుకు చదవను? గుడియాత్తం అని బస్సు మీద, బోర్డు మీద, బియ్యం సంచి మీద రోజూ చూసేది అదే అక్షరం. అరవంలో 'కుడి' అంటే తాగుడు, మా ఆయన అట్లా చదివి సారాయి అంగడి తలుపనుకున్నాడు. ఆయన బుద్ధి అక్కడే తిరుగుతుంది.

సాయంత్రం గుడి ముందర వీధంతా చేరింది. లోగనాథన్ గారు గుడి పెద్ద కూడా. ఆయన ఫోను ఎత్తి చూపించాడు.

"ఇది నువ్వు పంపిందేనా అమ్మా?"

"నేనే నాయనా. అది పిల్లోళ్ల కత."

"గుడి తలుపు పగలగొట్టేది కతా?"

"గుడి కాదు నాయనా, కుడి. గుహలో రెండు తలుపులుండాయి. కుడి పక్క తలుపు."

"చూడు చూడు, ఇప్పుడు మారుస్తాండాది!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ముందరి కత చూపించు, సరిపోతాది" అన్నాడు లోగనాథన్.

కోకిల తన ఫోను తెరిచి చూపించింది. "ఫోనులో చోటు లేక పాతవన్నీ తుడిచేసినాను. వేలూరు పిల్లోళ్ల దగ్గరుండాయి."

"వాళ్లంతా మీ చర్చోళ్లే కదా? బాగుండాది!"

నాకు ఒళ్లు మండింది. "బీగంచెవి మీ మొలలోనే కదన్నా ఉండేది? మీరు మర్చిపోయి వదిలేసినారో ఏమో, ముందు అది చెప్పండి" అన్నాను. ఆయన నన్ను కొరికేసేలా చూశాడు.

"సరి. అమ్మోరి ముందర కర్పూరం ఆర్పి సత్యం చెయ్యి. చేస్తే నమ్ముతాము. లేదంటే రేపే మగ్గం దిగి ఇల్లు ఖాళీ చేసుకో" అని కోకిలకు తేల్చి చెప్పాడు.

ఇక్కడ అది మామూలే. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ఒట్టు పెడితే తగువు అక్కడితో సరి. కోకిల చేతులు కట్టుకుని నిలబడింది.

"నేను ఒట్టు పెట్టను నాయనా. ఈడనే కాదు, బైబిలు మీద కూడా పెట్టను. అవునంటే అవును, కాదంటే కాదు. ఇన్నేండ్లుగా మీ మధ్యలో ఉండాను, నా నోటి మాట చాలదా?"

తలలన్నీ లోగనాథన్ వైపు తిరిగాయి. మగ్గం పోతే ఆమెకు కూడు లేదు, గది పోతే తల దాచుకునే చోటు లేదు.

అప్పుడు గుంపును తోసుకుంటూ లోగనాథన్ భార్య పంకజం వచ్చింది. మొగుడి ఎదుట ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు ఆవిడ.

"యేమయ్యా, నీకు బుద్ధుండాదా? కుడి తలుపే! ఎడమ తలుపు తీస్తే చెరువు నీళ్లన్నీ మీదికొస్తాయి. మొన్న పొట్టేలు కొట్టుకోని పాయె కదా! పిల్లోళ్లు ఆ పక్క పోతే ఇంకేమైనా ఉండాదా?"

వీధంతా నోరు తెరిచింది.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు లోగనాథన్.

"మన భారతికి వేలూరు స్నేహితురాలు పంపుతాది. నేను నూలు కండెలు చుడతాంటే దినమూ చదివి వినిపిస్తాది. ఆ శరత్ గాడు బతికి బయటపడాలని ఈ అమ్మోరికి నేనే కర్పూరం ముట్టించినాను, తెలుసునా నీకు?"

మనవరాలు భారతి ఫోను తెచ్చి పాత ముక్కలు చదివించారు. ఎడమ తలుపు, నీళ్లు, పొట్టేలు అన్నీ ఉన్నాయి. లోగనాథన్ కండువా దులుపుకుని, "సరి సరి, పోండి" అన్నాడు. బీగం మాట మళ్లీ ఎత్తలేదు. మెసేజ్ బయటికి పొక్కింది ఆయన ఇంటి నుంచేనని నా అనుమానం.

ఇల్లు నిలిచింది, మగ్గం నిలిచింది. కోకిల మాత్రం నవ్వలేదు. "కతని నమ్మినారక్కా. నన్ను నమ్మలేదు" అంది.

మరునాడు అంగడికి వచ్చింది. నేను ఊరుకోలేక అడిగాను, "కోకిలా, ఇంతకీ కుడి తలుపు వెనక ఏముందే?"

ఆమె గోడకున్న ఛార్జరు వంక చూసింది.

"ఆ దినం నా ఫోను నీ అంగడిలోనే కదక్కా ఉండింది?"

అమ్మతోడు, నేను ఆ ఫోను ముట్టుకోలేదు. కానీ ఆ మాట ఎట్లా చెప్పను? ఒట్టు ఆమెకు అక్కర్లేదు, నా నోటి మాటకు ఈ వీధిలో ఎంత విలువుందో నాకు తెలుసు. కోకిల ఛార్జరు ఊడదీసుకుని, వైరు చుట్టుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి మొదటిసారి ఆమె తలుపుకు గడియ పడ్డ చప్పుడు విన్నాను. ఏడుపొచ్చింది నాకు.

ఇప్పుడు ఆమె కథను రాయడం లేదు, నోటితో చెప్పి పంపుతోంది. పంకజం ఫోను పెద్దగా పెడుతుంది, మగ్గాలు ఆపి మరీ వింటారు. నేను అంగడి గడపలో నిలబడి వింటాను. శరత్, హేమప్రియ కుడి తలుపు తీశారు. లోపల ఒక అంగడామె దీపం పట్టుకుని నిలబడి ఉంది. దావ చూపిస్తాను రమ్మంటోంది. ఆమెను నమ్మాలో వద్దో పిల్లలకు ఇంకా తెలియలేదు.