నాంపల్లి స్టేషన్‌లో చక్కెర

నలభై తొమ్మిది జనవరిలో ఆబిడ్స్‌లో పని ముగించుకొని, బెజవాడ బండి కోసం నాంపల్లి స్టేషన్‌లో కూర్చున్నాను. కాశ్మీరులో యుద్ధం ఆగిందని చేతిలోని పేపర్లో పెద్ద అక్షరాల్లో ఉంది. పక్కనున్న నడివయసు ఆవిడ పొట్లం విప్పి బెంచీ మీదున్న అందరికీ చక్కెర పెడుతోంది. చక్కెర రేషన్లో తప్ప దొరకని రోజులవి.

"నా కొడుకు గాడ ఫౌజుల లారీ నడుపుతడయ్యా. లడాయి ఆగిందట. నోరు తీపి చేసుకోండ్రి," అంది.

"అప్పుడే ఎందుకాపారమ్మా! ఇంకో నెల పోరాడితే కాశ్మీరంతా మన చేతికొచ్చేది," అన్నాను, పేపరు తట్టి చూపిస్తూ.

ఆవిడ నా ముఖంలోకి ఆత్రంగా చూసింది. "మీ పిల్లగాడు సుత గాడనే ఉన్నడా?"

"లేదు. గుంటూరులో బి.ఏ. చదువుతున్నాడు."

ఎత్తిపొడుస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రం నా అరచేతిలో ఇంకాస్త చక్కెర పోసింది.

"మంచిగ చదువుకోనీయున్రి. వాడు సుత సల్లగుండాలె."

నేనంత తేలిగ్గా అడిగిన ఆ నెల రోజులూ ఆవిడ కొడుకు బతుకులోవని అప్పటిదాకా నాకు తోచనేలేదు. తలెత్తలేకపోయాను.

ఇంటికెళ్లాక, సెలవుకొచ్చిన మావాడికి హైదరాబాదు కబుర్లన్నీ చెప్పాను, ఆవిడ సంగతి తప్ప.