అక్క విండోస్ తెరుచుకోలేదు

మా పాత లాప్‌టాప్‌లో రెండు సిస్టమ్‌లు: విండోస్ అక్కది, లినక్స్ నాది. ఇవాళ కరీంనగర్‌లో ఇంట్లో ఆన్ చేస్తే స్టార్టప్ డిస్క్ దొరకడం లేదంది. పెన్‌డ్రైవ్ పెట్టి బాగుచేద్దామని మధ్యాహ్నం దాకా తంటాలు పడ్డాను. నా లినక్స్ తెరుచుకుంది. అక్క వైపు డిస్కు పాడైపోయింది.

బావతో విడిపోయి బోథ్‌లో ఒక్కతే ఉంటున్న అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"అందుట్ల మా పెండ్లి ఫొటోలే ఉండె. పోతే పోనీ తియ్యే, నాకేం ఫికర్ లే," అంది.

సాయంత్రం తనే ఫోన్ చేసింది. కాసేపు వానల సంగతి మాట్లాడి, గొంతు తగ్గించి అడిగింది.

"గా ఫొటోలల్ల ఒక్కటన్న దొరుకుతదా చెల్లే? జర సూడరాదు."

"సూస్తున్న అక్కా," అన్నాను. ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు.

పాడైన డిస్కు నుంచి ఫొటోలు తీయడం మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. తెలియకపోతే, అక్కకు ఏం చెప్పాలో అదైనా చెప్పండి.