చూసినవాళ్ళ ఎదుట పొగడ్త

మా గల్ఫ్ లేబర్ క్యాంపులో నన్ను కవి అంటారు. నాకు ఛందస్సు రాదు, చందాలు అడగడం మాత్రం వచ్చు. ఎవరు పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతున్నా కేకు తెప్పించి, నాలుగు ముక్కలు కట్టి చదివేది నేనే. కేకు ముక్కలా, నా ముక్కలా అంటే జనం కేకు వైపే.

ఈసారి వెళ్ళిపోతున్నది మా పరంజా మేస్త్రీ, జగిత్యాల వైపు పెద్దాయన. నేను పనిచేసే సైట్ స్టోర్‌కు, పరంజా గొట్టాలు బిగించే క్లాంపుల కోసం వచ్చి కౌంటర్ మీద మోచేతులు ఆన్చాడు.

"తమ్మీ, మా ఊళ్ళె దుబాయ్ పోయిండు, అచ్చిండు అంటరు. గీడ నేనేం జేసిననో ఎవలికీ తెల్వది. నువ్వు జర మంచిగ చెప్పు. ఫోన్ల పట్టుకపోయి సూపిస్త."

ఇన్నేళ్ళలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. ఆ ఉత్సాహంలో సింహం, మేరు పర్వతం అన్నీ ఎక్కించేశాను. రూమ్మేటుకు వినిపించాను.

"మంచిగనే ఉన్నది గని, ఈయన ఎవలు అన్నా? మన క్యాంపేనా?" అన్నాడు.

అప్పుడు మా సైట్‌లోని నార్వే ఇంజనీరు మాట గుర్తొచ్చింది. టీ తాగుతూ తమ పాతకాలపు కవుల గురించి చెప్పేవాడాయన. అక్కడ రాజు కీర్తి రాతలో కాదు, కవి నోట్లో ఉండేదట. ఓడ అనకుండా సముద్రపు గుర్రమని, మన పొడుపుకథల్లా చెప్పేవారట. ఆ కవులు రాజుతోపాటు యుద్ధానికి వెళ్ళి, తిరిగొచ్చాక సభలో చదివేవారు. ఎదురుగా కూర్చున్నది ఆ యుద్ధం చేసినవాళ్ళే. జరగనిది ఒక్క మాట కలిపినా అది పొగడ్త కాదు, వెక్కిరింత.

యుద్ధం మాట అటుంచండి, పరంజా రెండు మెట్లెక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి. అందుకని పైకెక్కేవాళ్ళనే అడిగి, సింహాన్ని అడవికి పంపేసి, మళ్ళీ కట్టాను.

శుక్రవారం భోజనాలయ్యాక మెస్‌లో బల్లలు జరిపారు. రూమ్మేట్ ఫోన్ పట్టుకున్నాడు. పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డాడు.

"ఇనుప కొమ్మల చెట్టు నాటినవాడు, దాని మీంచి ఒక్క పిట్టనూ రాలనివ్వనివాడు..."

"నిజం!" అన్నారెవరో వెనక నుంచి. "సేఫ్టీ బెల్టు పెట్టకుంటె మా అమ్మ గూడ గన్ని తిట్లు తిట్టలే!"

"దుమ్ముగాలి రోజున జారిన మనిషిని బెల్టు పట్టి పైకి లాగిన చెయ్యి..."

"ఆగు తమ్మీ." పెద్దాయన చెయ్యెత్తాడు. "పట్టుకున్నది నేను గాదు. గా నేపాల్ తమ్ముడు. నేను కింది నుంచి పట్టు పట్టు అని ఒర్రిన, గంతే."

మెస్సంతా గుమ్మం వైపు తిరిగింది. అక్కడ ప్లేటుతో నిలబడ్డ నేపాలీకి తెలుగు రాకపోయినా, మాట తన గురించేనని తెలిసి తల దించుకుని నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి. ఎవరో చెప్పింది సరిచూసుకోకుండా కట్టేసి, వెక్కిరింత అంచుదాకా వెళ్ళొచ్చాను మరి.

"ఉండనీ కాకా, ఊళ్ళె ఎవలకు తెలుస్తది?" అన్నాడు రూమ్మేట్, ఫోన్ దించకుండానే.

"ఊళ్ళె తెల్వది. గీళ్ళకు తెలుసు గదరా!"

నార్వే రాజుల్లో ఎవరైనా తన పొగడ్తను తానే దిద్దుకున్నారేమో నాకు తెలియదు. మా మేస్త్రీ దిద్దుకున్నాడు. ఆయన గురించి చదువుతున్నది నేనని ఆ క్షణాన నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను.

ఆ మాట కొట్టేశాను. నేపాలీకి అక్కడికక్కడే వేరే రెండు ముక్కలు కట్టి చప్పట్లు కొట్టించాను. రూమ్మేట్ పాత వీడియో చెరిపేసి కొత్తది మొదలుపెట్టాడు. పెద్దాయన కాలర్ సర్దుకున్నాడు.

"ఇగ మిగిలినయన్నీ నావే. గట్టిగ సదువు."