పోర్టికో మీది జర్మనీ కారు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ప్రపంచయుద్ధం ఉంది, నేలమట్టమై మళ్ళీ లేచిన దేశం ఉంది, సముద్రం దాటి వచ్చిన రథం ఉంది, దానికి ప్రాణం పోసిన శిల్పి ఉన్నాడు.

అన్నీ ఉన్నమాట నిజమే. కావ్యం మాత్రం కాదు. శిల్పి అంటే మా నాన్న, గుడియాత్తంలో కట్టడం మేస్త్రీ. రథం అంటే లుంగీల వ్యాపారం చేసే షావుకారు, ఊరంతా ముదలాళి అని పిలిచే ఆయన, ఆయన గారి పాత జర్మనీ డీజిలు కారు. యుద్ధం ఆ కారు గురించి ఆయన దాచుకున్న ఇంగ్లీషు పుస్తకంలో, మూడో పేజీలో ముగిసిపోతుంది.

దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్న రోజులవి. ఆ తలుపులోంచి మా ఊరికి ముందుగా షాంపూ పొట్లాలు వచ్చాయి, తర్వాత కేబుల్ టీవీ, ఆ తర్వాత చిన్న చిన్న కొత్త కార్లు. ముదలాళి కూడా ఒకటి బుక్ చేశారు. పాతదాన్ని బెంగుళూరాయన ఎవరో పాత కార్ల పిచ్చితో కొనుక్కున్నాడు, ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు. బేరం కుదిరిన రోజునుంచి ముదలాళికి అన్నం సయించలేదు. మా నాన్నను పిలిపించారు.

“మేస్త్రీ, బండి పోతా ఉండాది. దాని మొగమన్నా నా ఇంటి మీద ఉండనీ.”

మా వైపు పిట్టగోడల మీద సిమెంటు సింహాలూ, తుపాకీ పట్టిన సిమెంటు పోలీసులూ మామూలే. మా నాన్న చేసిన సింహాలు ఊళ్ళో పదకొండు ఉన్నాయి, వాటిలో తొమ్మిదింటికి మా మేనమామ పోలికలు. కారు చేయమని మాత్రం ఎవరూ అడగలేదు. పోర్టికో మీద పిట్టగోడను బద్దలుకొట్టుకుని కారు ముందు సగం బయటికొస్తున్నట్టు, అసలు కొలతలో చేయాలి. ఎదురుగా కారు ఉన్నంత వరకే కొలతలు. అంటే ఆదివారం లోపల.

మా నాన్నకు ఏ భాషా చదవడం రాదు. పాలిటెక్నిక్ రెండోసారి తప్పి ఖాళీగా ఉన్న నాకు పుస్తకం చదివి చెప్పే ఉద్యోగం దొరికింది. ఆయన కారు చుట్టూ తిరుగుతూ గోడల నిలువు చూసే తూకం గుండును తలుపు మీద వేలాడదీసి చూశారు.

“రేయ్, దీంట్లో యాడా నిలువు లేదురా. దారం నడుము కాడ తగలతాది, గుండు కింద గాల్లో ఊగతా ఉండాది.”

“యుద్ధంలో ఆ జర్మనీ మేస్త్రీ గుండు పోయుంటాదిలేప్పా.”

“పోనీ. గుండుతో పనిలేని చెయ్యిరా అది.”

పుస్తకం చెప్పింది ఇదీ: యుద్ధానికి ముందు కార్లకు మడ్‌గార్డులు వేరు, దీపాలు వేరు, కాలు పెట్టి ఎక్కే పలక వేరు, అన్నీ అతికించినట్టు ఉండేవి. ఈ కారులో వాటన్నిటినీ ఒకే ఒంట్లో కలిపేశారు. చట్రం చేసి దానిమీద ఒళ్ళు కూర్చోబెట్టలేదు, ఒళ్ళే చట్రం. అక్కడ ఆఫీసు దొరలూ డాక్టర్లూ తిరిగారు, టాక్సీవాళ్ళూ తిరిగారు. ఇంత మార్చినా ముందున్న మెరిసే జాలీని మాత్రం పాతకాలం దానిలాగే నిటారుగా ఉంచారు.

మా నాన్న ఆ జాలీ ముందు చాలాసేపు నిలబడ్డారు. “కొత్త ఇల్లు కట్టినా పాత వాకిలి తెచ్చి పెట్టుకున్నారు. మనమాదిరే ఉండారు గదరా వాళ్ళు!”

కళ్ళు మూసుకుని అరచేత్తో బానెట్టు నిమిరేవారు. సన్న కమ్మీని ఆ వంపు మీద వంచి, దాన్ని అట్లాగే పట్టుకుని మేడెక్కి, సిమెంటు పట్టడానికి పరిచిన కోళ్ళ గూటి వలకి కట్టేవారు. మళ్ళీ దిగేవారు, మళ్ళీ ఎక్కేవారు. ఒక మడ్‌గార్డుకే మూడు రోజులు పట్టింది.

బుధవారం అన్నం తింటూ ఎడమ చెయ్యి పిసుక్కున్నారు.

“చెయ్యి గుంజతా ఉండాదిరా. రొమ్ములో కూడా ఏందో పట్టేసినట్టు.”

“ఊరోళ్ళ కారుని పొద్దస్తమానం నిమిరితే గుంజదా? అమ్మ చెయ్యిని ఒక దినమన్నా అట్ల నిమిరినావా?”

అమ్మ నవ్వింది. ఆయనకు నవ్వుతో పొలమారింది. నవ్వడం అయ్యాక అమ్మే అంది, “రేపు వేలూరు పెద్దాసుపత్రికి పోయి చూపిచ్చుకోరాదా?”

“కారు పోనీమే. సోమవారం పోదాం.”

ఆ తర్వాత ఆయన నాకు నొప్పి సంగతి చెప్పలేదు. నా జోకు అంత బాగా పేలింది.

శుక్రవారం క్యారియరు తీసుకుని మేడెక్కితే మా నాన్న కూర్చుని ఉన్నారు. పని మధ్యలో కూర్చోగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. రెండో మడ్‌గార్డుకు అప్పుడే పూత పూసి నునుపు చేశారు. ఒళ్ళంతా చెమట. నేను అరిచాను. ముదలాళి పరుగున వచ్చి, తనే పట్టుకుని కిందికి దించి, తనే కారు తీశారు.

డీజిలు బండి కదా, ఎక్కగానే కదలదు. ముందు ఒక పిడి లాగి పట్టుకుని లోపల తీగ ఎర్రబడే దాకా ఆగాలి. ఆ కాసేపూ ముగ్గురం ఒక తీగ కోసం చూశాం.

వెనక సీట్లో ఆయన తల నా ఒళ్ళో ఉంది. ఇన్నాళ్ళూ బయటినుంచి ప్రతి అంగుళమూ కొలిచిన మనిషి లోపలికి రావడం అదే మొదలు.

“లోపల ఇంత వెడల్పు ఉండాదా!” అన్నారు. తర్వాత కాళ్ళు ముడుచుకున్నారు. “సిమెంటు కాళ్ళురా. సీటు పాడైపోతాది.”

“ఆదివారం నించి అది బెంగుళూరాయన సీటు. బాగా జాపుకోప్పా.”

నవ్వి, జాపుకున్నారు. ముదలాళి యాక్సిలేటరు అదిమి పట్టినా లారీలు హారన్ కొట్టి మమ్మల్ని దాటి పోతున్నాయి. మా నాన్న అరచెయ్యి తలుపు లోపలి వంపు మీద మెల్లగా కదులుతూ ఉంది. దారిలో పళ్ళికొండ దాటాక కదలలేదు. చెయ్యి జారిపోతుందని నేను పట్టుకున్నాను. జారలేదు, అక్కడే ఉండిపోయింది. వేలూరులో డాక్టరు కారు దగ్గరికే వచ్చి, వంగి చూసి, నన్ను దిగమన్నాడు. నేను దిగలేదు.

అదే కారులో ఇంటికి తెచ్చాం. శనివారం పొద్దున అంత్యక్రియలు అయ్యాయి. మధ్యాహ్నం ఎండకి నాకు ఆ మడ్‌గార్డు గుర్తొచ్చింది. గుండు చేయించుకున్న తలతోనే పోయి, నీళ్ళ బకెట్టు తీసుకుని మేడెక్కాను. ముదలాళి కింద కుర్చీలో కూర్చుని చూశారు. ఆదివారం బెంగుళూరాయన వచ్చి వెనక సీటు మీద సిమెంటు మరక ఏమిటని అడిగినప్పుడు కూడా నేను పైనే ఉన్నాను.

కొత్త సిమెంటు పూతను ఏడు రోజులు తడపాలి, రోజుకు మూడుసార్లు. ఎండ ఎక్కువగా ఉంటే గోనెపట్టా కప్పి పది రోజులు.