ముందు సీటు మీద తువ్వాలు

2021 అక్టోబరు 14, ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలు. టాంజానియాలోని ఒక మారుమూల జాతీయ వనంలో మా జీపు బయలుదేరబోతోంది. జర్మనీ నుంచి వెళ్లిన ఆ బృందంలో తెలుగువాళ్లం ఇద్దరమే: నేను, ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో నాతో పనిచేసే శ్రీనన్న. ముందు సీటు మీద ఆ రోజు కూడా తువ్వాలు పరిచి ఉంది. హానోవర్‌కు చెందిన పెద్దావిడ హెల్గా గారు రోజూ అందరికన్నా ముందే వచ్చి పరిచి వెళ్లేవారు. తువ్వాలు వేసిన చోటు తమదేననుకోవడం సెలవుల్లో జర్మన్లకు అలవాటు.

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినదాన్ని నేనే. ఎక్కడికి వెళ్లినా వెనక కూర్చోవడమే మర్యాద అనుకుంటూ పెరిగాను. కానీ సింహాన్ని అడవిలో చూడాలని లాక్‌డౌన్ అంతా సెలవులు దాచుకుని వచ్చాను. ఇంకా ఒక్కటీ కనిపించలేదు. అదే చివరి రోజు.

“ఎందుకు లొల్లి చెల్లె? ఎన్క కూసుందాం రా,” అన్నాడు శ్రీనన్న.

“మూడు రోజుల సంది వీళ్ల టోపీలే చూస్తున్న అన్నా. టోపీలు ఫ్రాంక్‌ఫర్ట్‌ల గూడ ఉంటయి.”

తువ్వాలును శుభ్రంగా మడిచి పక్కన పెట్టి, కూర్చున్నాను.

“అది నా సీటు,” అన్నారు హెల్గా గారు మాస్కు సర్దుకుంటూ.

“సీట్లు ఎవరివో ఏ కాగితంలోనూ రాయలేదండీ. ఈ రోజు నేను లేవను,” అన్నాను జర్మన్‌లో.

ఆమె మడిచిన తువ్వాలు చేతిలోకి తీసుకున్నారు. “నిజమే, రాయలేదు. మరి మొదటి రోజే ఎందుకు చెప్పలేదు? నీకు వెనక సీటే ఇష్టమనుకున్నాను,” అని వెళ్లి వెనక కూర్చున్నారు. ఆ మాటలో కోపం లేకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. గంట తర్వాత గడ్డిలో ఆడసింహం లేచి నిలబడినప్పుడు, తన బైనాక్యులర్ నా భుజం మీదుగా అందించింది కూడా ఆమే.

అప్పటి నుంచి నా అభ్యంతరాన్ని మొదటి రోజే చెబుతున్నాను.