ఎక్స్ బిందెలు

కామాటిపురలో ఇరుకు గదుల చాల్‌లో విఠల్ మామ చెవి మీద సుద్దముక్క లేనిదే గడప దాటడు. అడగనివాళ్లకు కూడా లెక్కలిచ్చి, జవాబు రానివాళ్లను చూసి ముక్కుతో నవ్వుతాడు. మొన్న పొద్దున నల్లా దగ్గర తన వంతు రాగానే, ఖాళీ డ్రమ్ము పక్కన పెట్టి గోడ మీద ఎక్స్ గీశాడు. "నల్లా ఇరవై నిమిషాల్ల డ్రమ్ము నింపుతది, అడుగున తూటు ముప్పై నిమిషాల్ల ఖాళీ చేస్తది. ఎప్పుడు నిండుతది?"

"ముందు తూటు మూయి మామా," అంది వెనకున్న దర్శన. "అరే, అది లెక్కల లేదు!" అంటూ ఆయన గోడకు తిరిగాడు. ఆమె చడీచప్పుడు లేకుండా తన బిందెలు నల్లా కిందికి జరుపుకుంది. జవాబు తేలేసరికి నీళ్లు ఆగిపోయాయి. మళ్లీ నీళ్లొచ్చేది రేపే. మామ ఇంట్లో తాగడానికి చుక్క లేదు.

"రెండు బిందెలియ్యి బిడ్డా."

"ఎక్స్ బిందెలిస్త మామా. ఎక్స్ ఎంతనో నువ్వే చెప్పు."

వరసంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. "గింతతోని తేలదు బిడ్డా, ఇంకో వివరం గావాలె," అంటూ మళ్లీ సుద్దముక్క అందుకున్నాడు.